చీపురు తగిలిన రాయి

ఈ సాయంత్రం షామ్‌బర్గ్ దగ్గర ఒక మంచు హాల్లో రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చుని, మా అమ్మాయి సుమ, అల్లుడు కిరణ్ జంటగా ఆడిన కర్లింగ్ చూశాను. సోమవారం వాళ్లు విడాకుల కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. సీజన్ మధ్యలో జోడీ మార్చకూడదని ఆట మాత్రం మానలేదు. మనసు మార్చుకుంటారేమోనని నా పిచ్చి ఆశ.

జంటల ఆటలో ఒకరు అవతలి కొసన నిలబడి గురి చూపిస్తారు. రెండోవారు బరువైన రాయిని మంచు మీద జార్చి, వెంటనే లేచి, అది ఇంకాస్త దూరం జారేలా దాని ముందు మంచును చీపురుతో రుద్దుకుంటూ పరుగెత్తాలి. చీపురు రాయికి తగిలితే ఆ రాయి చెల్లదు. తగిలిందని ఎవరికి వారే చెప్పుకోవాలి, అదీ ఇక్కడి మర్యాద.

ఆఖరి రాయి కిరణ్‌ది. సరిగ్గా గురికి చేరితే గెలుపే. సగం దారిలో అతను చెయ్యెత్తి, "సారీ, ఐ టచ్డ్ ఇట్" అని రాయిని తనే ఆపేశాడు. ఎవరూ చూడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావుటే, ఎంత నిజాయితీయో" అన్నాను సుమ రాగానే.

"అవునమ్మా, గేమ్‌లో ఎవరూ అడక్కుండానే ఒప్పుకుంటాడు. ఆ అమ్మాయి సంగతి మాత్రం, నేను మెసేజ్‌లు చూపించేదాకా నా ఇమాజినేషన్ అన్నాడు."

ఓడినవాళ్లకు గెలిచినవాళ్లు కాఫీ ఇప్పించడం కూడా ఆచారమేనట. మావాళ్లూ, వాళ్లమీద గెలిచిన జంటా, నలుగురూ ఒకే టేబుల్ దగ్గర తాగారు. తర్వాత మావాళ్లు చెరో కారెక్కారు.

రాయి దగ్గర అంత తేలిగ్గా వచ్చే నిజం పెళ్లాం దగ్గర ఎందుకు నోరు దాటదో, తెలిసిన మగమహారాజులెవరైనా కింద కామెంట్లలో కాస్త చెప్పండి.