నాలుగో చుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. మాది చింతపల్లి దగ్గర కొండమీది ఊరు. మిలటరీలో చేసి వచ్చిన మా తాత, అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకుని దాన్ని పెట్టుకున్నాడు. తుపాకీ మీద దుర్భిణి బిగించి ఉండేది, దాని నెత్తిన సీసామూతంత చక్రం. దూరం పెరిగేకొద్దీ గుండు కిందికి జారుతుందట. ఆ జారుడుకు తగ్గట్టు చక్రం తిప్పి గురి సరిచేసుకోవాలి.

చక్రం అంచున తాత మూడు తెల్లచుక్కలు పెట్టుకున్నాడు. ఒకటి కళ్ళానికి, ఒకటి పనసచెట్టుకి, ఒకటి గెడ్డగట్టుకి. అడుగులు కొలుచుకుని, ఒక్కోదానికి ఒక్కో పూట కాల్చి చూసుకుని, అగ్గిపుల్లతో రంగు అద్దాడు. గెడ్డంటే మా ఊరి వాగు. దాని అవతలి వాలులో రాగులు పండే మా చోడిచేను. పందులు పడేది అక్కడే, చుక్క లేనిదీ దానికే. ఆ ఏడు అప్పటికే సగం చేను తొక్కేశాయి. మిగతాదీ పోతే మాకు ఏడాదంతా అంబలికి కరువే. ముసలాడు మరిచిపోయాడనుకున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తొందర మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపోయేంత ఉండేది. అత్త ఎర్ర గోళ్ళరంగు తీసి, మూడోదాని పక్కన అంతే ఎడంతో నాలుగో చుక్క పెట్టేశాను.

తాత చూశాడు. ఆ సాయంత్రం మంచు దిగుతుండగా గుమ్మంలో కూర్చుని, మరలు విప్పి దుర్భిణిని తుపాకీ నుంచి ఊడదీశాడు. అలా తీస్తే మళ్ళీ మొదటినుంచీ గురి కుదుర్చుకోవాలని మా అందరికీ తెలుసు. చేసిన పనంతా ఎందుకు పాడుచేసుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. ఉత్త దుర్భిణి నా చేతికిచ్చి గెడ్డ అవతలికి చూడమన్నాడు.

చేను అంచున నల్లగా ఏదో వంగి, నేల కెలుకుతూ కదులుతోంది.

"పందే తాతా. బేగి కొట్టెయ్," అన్నాను.

"పందేనా?"

"పందే."

"అయితే ఎల్లి సూసి రా."

పంది దగ్గరికి నన్ను పంపుతాడేమిటని భయపడుతూనే, దుర్భిణి ఆయనకిచ్చి గెడ్డ దాటాను. అక్కడ మా అమ్మ. నల్లకంబళి కప్పుకుని, పందులు తొక్కేసిన వెన్నులు ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకుంటోంది.

"ఏటే గుంటా, ఇంత మంచులో ఇటొచ్చినావు?" అంది. ఆమెను కరుచుకుని ఏడ్చాను. చలికనుకుంది కాబోలు, కంబళి సగం నాకు కప్పింది.

తిరిగొచ్చేసరికి తాత చాకుమొనతో నాలుగో చుక్క గీకేస్తున్నాడు. "గుండు ఇంకా దూరం ఎల్తాది. నా కళ్ళు ఎల్లవు. అందుకే సుక్క పెట్టనేదు," అన్నాడు.

మిగిలిన చేను చాలావరకు పందులపాలైంది. తాత డబ్బా వాయించుకుంటూ చేలోనే కాపలా కాశాడు గాని గెడ్డ ఇవతలినుంచి ఒక్కసారీ కాల్చలేదు. ఆ ఏడు అంబలి పల్చగానే తాగాం. దుర్భిణి ఎందుకు ఊడదీశాడో నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు. అమ్మ చేలో ఉందని ఆయనకు ముందే తెలుసు. గుండు లేని తుపాకీనైనా అమ్మ వైపు తిప్పడానికి ఆయనకు మనసొప్పలేదు.

తాత పోయాక తుపాకీ స్టేషన్లో అప్పగించేశాం. దుర్భిణి నా పెట్టెలో ఉంది. చక్రం మీద గీకినచోట కాస్త ఎర్రదనం ఇంకా పోలేదు. ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా వచ్చి ఫలానావాడు ఇలాంటివాడని చెబితే, సరేనని తలూపబోయి ఆగిపోతాను. చెప్పులు వేసుకుని వెళ్ళి చూసొస్తాను. అమ్మకు ఆ సంగతి చివరిదాకా చెప్పలేకపోయాను. ఆమెను కొట్టెయ్యమన్న నోరిది. దీన్ని నేనిప్పటికీ పూర్తిగా నమ్మను.