మేకు మీది ముఖం

నా చిన్నప్పుడు ఏసీలు ఇంత మర్యాదగా ఉండేవి కావు. ఇప్పటివి పనిచేస్తున్నాయో చచ్చాయో చెయ్యి పెట్టి చూస్తే గాని తెలియదు. కరెంటు బిల్లు మాత్రం నమ్మకంగా వస్తుంది. బహ్రెయిన్‌లో, మహూజ్ పేటలో ఉన్న మా ఫ్లాటు కిటికీ ఏసీ అలా కాదు. అది మొదలైతే గోడ వణికేది, గోడతో పాటు మా ముత్తాతా వణికేవాడు.

ఆయన ఫోటోలో ఉండేవాడు. ఒంటి మీద చొక్కా లేదు. చెవులకు పోగులు, నుదుట నిలువు బొట్టు, ఎటు నిలబడినా మన మీదే ఉండే కళ్ళు. మా ఇంటికి వచ్చిన నా స్కూలు స్నేహితులు ఆయనకు వీపు పెట్టి కూర్చునేవారు. కొన్నాళ్ళకు అసలు రావడమే మానేశారు.

ఆ వేసవిలో నాన్న పై ఆఫీసరు భార్యతో సహా మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. అమ్మ కర్టెన్లు మార్చింది, ఫోర్కులు కొంది, ముత్తాతను బీరువా వెనక్కి పంపాలని తీర్మానించింది. అప్పుడు మా దగ్గరకు వచ్చి ఉన్న తాతయ్య ఆ ఫోటోలోని ఆయన కొడుకు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆ గోడ కోసం మామాకోడళ్ళ మధ్య మాటల్లేని యుద్ధం నడిచింది. నాన్న తటస్థ దేశం.

చివరికి తాతయ్య లొంగిపోయినట్టు కనిపించాడు. "సరేనమ్మా, తీసేద్దాం. కాని వీడే తియ్యాలి. రేపు మమ్మల్నందర్నీ తీసేది వీడేగా" అన్నాడు.

నా స్నేహితులు మళ్ళీ వస్తారన్న సంబరంలో నేను స్టూలెక్కాను.

తాతయ్య స్టూలు పట్టుకుని, తొందరేమీ లేనట్టు రోమ్ కథ ఎత్తుకున్నాడు. అక్కడి పెద్దింటివాళ్ళు చనిపోయిన పెద్దల ముఖాలను మైనంతో పోతపోసి హాల్లో అల్మరాల్లో దాచేవారట. పదవుల పోటీలో ఆ ముఖాల బలమే బలం. ఎక్కడి నుంచో వచ్చి పదవి అడిగినవాణ్ణి, నీ హాల్లో ఎవరి ముఖముందని ఎగతాళి చేసేవారట. అది పడలేక కొందరు పరాయివాళ్ళ తాతలను తమ తాతలని చెప్పుకున్నారట. ఇంట్లో ఎవరైనా పోతే అల్మరాలు తెరిచేవారు. సరిపడే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళను వెతికి, ఆ ముఖాలు తొడిగి వీధిలో నడిపించేవారు. అలా పాత చనిపోయినవాళ్ళు వరసగా నడిచొచ్చి, కొత్తగా పోయినవాడి ఎదుట కుర్చీల్లో కూర్చునేవారు.

"ఏ ముఖం ఎవరికి సరిపోతుందో ఎలా తెలిసేది తాతయ్యా?"

"దగ్గరగా పెట్టి చూసేవాళ్ళురా."

అప్పుడే ఏసీ ఆగింది. ఫోటో వణకడం మానేసింది. బాల్కనీ వెలుతురుకి నా ముఖం ఫోటో అద్దం మీద పడింది. కళ్ళ మీద కళ్ళు, చెవుల మీద పోగులు. బొట్టు వచ్చి నా నుదుటి మీద కూర్చుంది. నేను రెప్ప వేశాను. ఆయన కాస్త ఆలస్యంగా వేశాడు. అది ఏసీ కుదుపని నాన్న తర్వాత తేల్చాడు. ఆగిన ఏసీ కుదపదని నేను వాదించలేదు.

ఉత్త చేతులతో స్టూలు దిగాను. అమ్మ నా వాలకం చూసి బీరువా సంగతి వదిలేసింది. ఆఫీసరు భోజనానికి వచ్చి, ఫోర్కు చేతిలో పట్టుకుని చాలాసేపు ఫోటోనే చూశాడు. వెళ్ళేటప్పుడు నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆ తర్వాత బహ్రెయిన్‌లోనే చాలా ఇళ్ళు మారాను. ఇక్కడ నన్ను ఇండియా ఆయనంటారు, ఇండియాలో గల్ఫాయనంటారు. ఏ ఇంట్లో దిగినా మొదటి మేకు మాత్రం ముత్తాతకే. నేనెవరినన్న అనుమానం వచ్చినప్పుడల్లా వెళ్ళి ఆ అద్దం ఎదుట నిలబడతాను. సరిపోతుంది. ఈమధ్య బుగ్గల దగ్గర కాస్త బిగుతు.

మొన్న మా మనవరాలు కుర్చీ లాక్కుని, ఎక్కి ఆయన ఎదుట నిలబడింది. చప్పుడు లేని ఏసీ, చప్పుడు లేని పిల్ల. కాసేపటికి నా వైపు తిరిగింది.

"తాతయ్యా, నేను పక్కకి జరిగాను. నా ముఖం జరగలేదు."