పంతొమ్మిది తర్వాత అరవై

గురప్పకు ఒకటే జబ్బు. ఎవరు ఏ పొరపాటు చేసినా "తప్పు నాదేలేప్పా" అంటాడు. హోటల్లో ఇడ్లీ చెబితే ఉగ్గాని తెచ్చారు. "నేనే ఉగ్గాని అన్నట్టుండా" అంటూ తినేశాడు. పామిడికి టికెట్ అడిగితే కండక్టరు గుత్తికి కొట్టాడు. ఆయన్ని నొప్పించడమెందుకని గుత్తిదాకా పోయి, ఇంకో బస్సెక్కి పామిడికి తిరిగొచ్చాడు.

ఈ మనిషి అనంతపురంలో ఒక నెట్‌వర్క్ కంపెనీ రౌటర్లు చూస్తాడు. ఆయనపైన ఇంజనీరుగా వచ్చిన పద్మప్రియకు ఆరు నెలల్లోనే ఓపిక అయిపోయింది. అది రెండువేల ఎనిమిది ఎండాకాలం. ఉన్న ఒక్క ఏసీ రౌటర్లకే చాలడం లేదు, ఇక మనుషుల సంగతి ఎవరిక్కావాలి?

రేపు హెడ్డాఫీసు నుంచి తనిఖీ. ఊళ్లలోని బ్యాంకు బ్రాంచీలను ఇక్కడి ఆఫీసులతో కలపడానికి రౌటర్లలో టన్నెళ్లనే దారులు వేస్తారు. పోయే సమాచారానికి లేబుల్ అంటిస్తే, దారిలోని రౌటర్లు దాన్ని చూసి ముందుకు తోస్తాయి. ఒక్కో టన్నెల్‌కు ఒక్కో నంబరు, రెండు కొసల్లోనూ అదే కొట్టాలి. తేడా వస్తే టన్నెల్ లేవదు. పద్మప్రియ వేసిన ప్లానులో తనకల్లు టన్నెల్‌ది పంతొమ్మిది, ముదిగుబ్బవి మూడూ ఇరవై నుంచి ఇరవై రెండు. గురప్ప రౌటర్లో మాత్రం పంతొమ్మిది తర్వాత అరవై! సాయంత్రంలోగా దిద్దకపోతే, రెండు నెలల్లో రిటైరయ్యే మనిషికి మెమో ఖాయం.

"ఏంది గురప్పన్నా ఇది?"

"తప్పు నాదే మేడమ్. చెయ్యి జారినట్టుండాది."

"ముదిగుబ్బ దగ్గరే జారుతాదా?"

గురప్ప టీకి పోయాడు. విసుగెత్తి ఆమే ముదిగుబ్బకు ఫోన్ చేసింది. అక్కడి రౌటరు ఓబులేష్ చూస్తాడు.

"ఓబులేషూ, అరవై తీసేసి ఇరవై కొట్టు."

"అరవయ్యే ఉండాది మేడమ్."

"అరవై కాదు, ఇరవై!"

"ఆ, అదే మేడమ్. అరవై!"

నాలుగుసార్లు అరిచాక అవతలి గొంతు సన్నబడింది. "మేడమ్, నాకు చెవులు సరిగ్గా ఇనపడవు. పన్నెండేండ్లు జనరేటరు పక్కనే పనిచేసినా. గురప్పన్నకు తప్ప ఎవురికీ తెలీదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారు."

పద్మప్రియ ఫోన్ పెట్టేసి చూస్తే, గుమ్మంలో టీ గ్లాసుతో గురప్ప.

"వాడు ఏది కొడితే నేనూ అదే కొడతా మేడమ్. రెండు పక్కలా ఒకటే ఉంటే టన్నెల్ లేస్తాది. ఏది ఒప్పో దానికేం తెలుసు?"

ఆరు నెలలుగా ఈ మనిషిని మనసులో తిట్టుకున్నందుకు పద్మప్రియకు సిగ్గేసింది. టన్నెళ్లను ముట్టుకోలేదు. ప్లాను తెరిచి ఇరవైలు తీసేసి అరవైలు రాసింది.

మర్నాడు తనిఖీకొచ్చిన ఆయన కాగితం మీద వేలు పెట్టి ఆగాడు. "పంతొమ్మిది తర్వాత అరవై ఏంటమ్మా?"

"రేపు కదిరి పక్క కొత్త బ్రాంచీలొస్తే కావాలి కదా సార్. ఖాళీ వదిలినాం."

"భలే ముందుచూపు! ఎవరిదీ ఆలోచన?"

గురప్ప నోరు తెరవబోయాడు. పద్మప్రియ ఆయన కాలు తొక్కింది. "ముదిగుబ్బ ఓబులేష్‌ది సార్."

వారంలో మెచ్చుకోలు కాగితం వచ్చింది. ఫోన్లో చదివితే ఓబులేష్‌కు అది మెమోగా వినిపించినా వినిపిస్తుందని, గురప్ప సెలవు పెట్టి స్వయంగా ముదిగుబ్బకు తీసుకెళ్లాడు.