చేపలు పాడుతున్నాయనుకున్న ఆదివారం

సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన యాకోబు గోడవైపు తిరిగి పడుకున్న రోజుల నుంచే నా మాట మొదలుపెడతాను, ఎందుకంటే ప్రభువు మమ్మల్ని వెదుక్కుంటూ వచ్చింది ఆ గోడ దగ్గరికే. వలసొచ్చిన ఈ గుజరాతీ గడ్డమీద, ఉధ్నాలో పవర్‌లూమ్ మగ్గాల మోతలో కూడా గొంతెత్తి పాడిన మనిషి, ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగు మెట్లెక్కితే నోరు తెరిచి గాలి కోసం వెతుక్కునే స్థితికి వచ్చాడు. ఇక మగ్గం దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పిన నాటినుంచి మాట్లాడటం మానేశాడు. తినమంటే తినేవాడు, ప్రార్థన చేద్దామంటే కళ్లు మూసుకునేవాడు, చివర ఆమెన్ మాత్రం అనేవాడు కాదు. ఒక్కసారి నోరు తెరిచి, "సారమ్మా, నేను పోతే నీకు జర తిప్పలు తప్పుతయే" అన్నాడు. అది విన్నాక నాకు ఆయన రోగం కంటే ఆయన మౌనమంటేనే ఎక్కువ భయం పట్టుకుంది.

నేను గోడాదరాలో కిరాణా కొట్టువాళ్ల పిల్లను. బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా ముట్టని వంశం మాది. ప్రార్థన కూడా అట్లాగే చేసేదాన్ని: ప్రభువా, ఆయన్ని లేపు, వారమంతా ఉపవాసముంటాను, అంత కుదరదంటే కనీసం మాట్లాడించు, సగం వారం ఉంటాను అని. సృష్టికర్త దగ్గర కూడా తగ్గించి అడిగిన నా తెలివి చూడండి!

అప్పుడే కడోదరా వైపు ఒక గుజరాతీ సేఠ్ మగ్గాలు అమ్మేసి, ఖాళీ అయిన షెడ్డులో చేపలూ నాచూ ఆకుకూరలూ కలిపి పెంచే ఏర్పాటు పెట్టించాడని తెలిసింది. తొట్లలో చేపలుంటాయి. వాటి మురికినీళ్లు ప్లాస్టిక్ ముక్కలు నింపిన డ్రమ్ములోకి దిగి, లైట్ల కింద నాచు పెరిగే పచ్చటి తొట్టిలోకి పోయి, కంకరలో నాటిన పాలకూర వేళ్ల మధ్య పారి, శుభ్రపడి మళ్లీ చేపల దగ్గరికే వస్తాయి. చుక్క వృథా పోదు. కొట్టువాళ్ల పిల్లకు ఇంతకంటే నచ్చే వ్యాపారం ఉంటుందా! సేఠ్ మాత్రం శాకాహారి, చేప అన్న మాట కూడా నోట రానివ్వడు, బట్టల తాన్ల గురించి అడిగినట్టు "మాల్ బరాబర్ ఛే?", అంటే సరుకు బాగుందా, అని అడిగి పాలకూర వైపు తిరిగేవాడు.

వాటిని చూసుకునే పని మా ఆయనకు ఇప్పించుకున్నాను. జీతం సేఠ్ చెప్పినదానికే తలూపాను గానీ, వీపు ఆన్చుకునే కుర్చీ ఒకటి, దానికో ఫ్యాను ఒప్పుకునేదాకా గడప దాటలేదు. ఇన్ని చేస్తే ఏమైంది? యాకోబు రోజూ నాతో ఆటోలో వచ్చి, ఆ కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు! చేపలకు మేత నేనే వేసేదాన్ని. ఏర్పాటు బిగించిన ఇంజినీరు అన్నీ విడమరచి చెప్తున్నప్పుడు నేను మేత ఎక్కడ చవకో అడుగుతూ ఉండిపోయాను. యాకోబు వింటున్నాడని నేననుకోలేదు.

ఆ పని దేవుని చేతిలో పెడదామని పాస్టరుగారు ఆదివారం మధ్యాహ్నం షెడ్డులోనే కూడిక పెట్టారు. కూడిక అంటే ముందు చీపురు పట్టడం మన అలవాటు కదా. శుక్రవారం యాకోబు తమ్ముడితో ఆసుపత్రికి వెళ్లిన పూట మన సంఘం అక్కలు సాయానికొచ్చారు. డ్రమ్ములో చెయ్యిపెట్టి చూసి సుందరమ్మ వదిన, "దేవుని బిడ్డలొచ్చే చోట గీ పాచేంది సారమ్మా?" అంది. ఇంకేముంది, జిగురు పట్టిన ఆ ముక్కలన్నీ తీసి బ్లీచింగ్ పొడితో తోమి, ఎండబెట్టి తెల్లగా మెరిపించాం. నాచు తొట్టి కూడా ఖాళీ చేసి కడిగేశాం. ఆ పచ్చనీళ్లను మాత్రం నేను పారబోయనివ్వలేదు, మొక్కలవాళ్లకిచ్చి బదులుగా పూలకుండీలు తెచ్చుకోవచ్చని బిందెల్లో పట్టి తలుపు బయట పెట్టించాను. శనివారం చేపలు మేత ముట్టకపోతే, మేత మిగిలిందని సంతోషించాను కూడా!

ఆదివారం పాట ఎత్తుకున్నాం. చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. "చూడుండ్రి, చేపలు గూడ దేవుణ్ని స్తుతిస్తున్నయి" అంది వదిన. అందరం హల్లెలూయ అన్నాం. అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. యాకోబు లేచి తొట్టి దగ్గరికి వచ్చాడు.

"అవి పాడుతలేవు వదినా. వాటికి దమ్ము అందుతలేదు. గట్ల నోరు తెరుసుడు ఏందో నాకెరుక."

పాట ఆగిపోయింది. ఆయన డ్రమ్ము మూత తీసి మెరుస్తున్న ముక్కల్ని చూశాడు. మమ్మల్ని తిట్టలేదు. ఆ పాచి మురికి కాదని, చేపల మలినాన్ని మొక్కల తిండిగా మార్చే ప్రాణం అందులోనే ఉంటుందని, దాన్ని చంపేసి నాచును కూడా తీసేస్తే నీళ్లు విషమవుతాయని చెప్పాడు. గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి ఇంజినీరు మాట ఒక్కటి కూడా వదల్లేదు, సహోదరులారా!

బేరానికి నోరు రాలేదు. "ప్రభువా, ఈసారి నా దగ్గర ఇచ్చేదేమీ లేదు. ఆయన లేచి నిలబడ్డాడు. ఈ చేపలు పోతే ఆయన మళ్లీ గోడవైపు తిరుగుతాడు. కనికరించు తండ్రీ" అని మాత్రం అన్నాను.

"నాచునీళ్లు యాడ పారబోసిన్రు?" అని అడిగాడు. పారబోయలేదని, పూలకుండీల ఆశతో దాచానని తల వంచుకుని చెప్పాను. మా ఆయన నవ్వాడు! "నీ పిసినారితనం సల్లగుండనే!" అన్నాడు. ఆ నవ్వు కోసం ఎన్ని ఉపవాసాలు బేరం పెట్టానో ప్రభువుకే తెలుసు.

తర్వాత ఆయన చెప్పడం, మేం చేయడం. తొట్టి నీళ్లు కొంత తోడేసి, ట్యాంకులో నిలవున్న మంచినీళ్లు పోశాం. పచ్చనీళ్లు తిరిగి తొట్టికి చేరాయి. పాలకూర కింద మేం కడగని కంకరలో ఆ జిగురు ఇంకా బతికే ఉందని, ఆ కంకర కొంత తీయించి వల సంచుల్లో కట్టి డ్రమ్ములో దింపించాడు. అక్కలు ఆరాధన చీరల కుచ్చెళ్లు దోపుకుని, గాలి కలవాలని నీళ్లు ముంచి ఎత్తునుంచి పోస్తూనే ఉన్నారు, పాస్టరుగారు కూడా చొక్కా చేతులు మడిచి చెంబు అందుకున్నారు. యాకోబు కాసేపు పోస్తాడు, ఆయాసమొస్తే కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. పొద్దు వాలేసరికి చేపలు ఒక్కొక్కటే కిందికి దిగి ఈదడం మొదలుపెట్టాయి. కొన్ని చచ్చిపోయాయి, వాటిని ఆయనే తీశాడు. ముగింపు ప్రార్థనలో అందరికంటే వెనకగా, రొప్పుతూ, ఆమెన్ అన్నాడు. విన్నారా, ఆమెన్ అన్నాడు!

ఆ తర్వాత రోజూ నీళ్లు మార్చడానికి అక్కలు వంతులేసుకుని వచ్చారు. ముక్కలమీద జిగురు మళ్లీ పట్టిన రోజు సుందరమ్మ వదిన దానికి వంగి వందనం చెప్పింది.

నేను తూకం దగ్గర పెరిగినదాన్ని, సాక్ష్యంలో తూకం పెంచి చెప్పను. ఆయన ఊపిరితిత్తులు కొత్తవి కాలేదు, మందు ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. కానీ కుర్చీ ఇప్పుడు చేపలవైపు తిరిగి ఉంది, అందులో కూర్చున్న మనిషి పాడుతున్నాడు. పనికిరాదని మేం తోమి పారేసిన దానిలోంచి, నా పిసినారి బిందెల్లోంచి ప్రాణం పోసిన దేవునికే మహిమ!

ప్రియులారా, మీ ఇంట్లో ఎవరైనా నోరు తెరిచి ఉంటే, అది పాటేలే అనుకుని పక్కకు తిరగకండి, దగ్గరికి వెళ్లి చూడండి. ఆ తెరిచిన నోరు మీదే అయితే, ఇవ్వడానికి ఏమీ లేదని ఆగకండి, ఉత్త చేతులతోనే ప్రభువును అడగండి. ఆయన దగ్గర బేరం లేదు. ఆడి ఆడి అలసిపోయినదాన్ని, నా మాట నమ్మండి.