ఏడ్చినా విప్పొద్దు

మా పాప రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టింది. అప్పుడు మేం జూలూరుపాడులో ఉండేవాళ్ళం; నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా అత్తమ్మ పాప కాళ్ళు చూసి, "గ్రహణం నాడు కూరగాయలు తరిగినవ్. గందుకే గిట్లయింది," అంది. తరిగానో లేదో నాకు గుర్తు లేదు. అయినా నమ్మేశాను.

డాక్టరుగారు వారం వారం పిండికట్లు మార్చి పాదాలను దారిలోకి తెచ్చారు. తర్వాత ఒక అడ్డకడ్డీకి రెండు కొసలా బిగించిన చిన్న బూట్లు ఇచ్చి, మూడు నెలలు స్నానానికి తప్ప విప్పొద్దన్నారు. కాళ్ళు విడివిడిగా కదలక పాప గుక్కపట్టి ఏడ్చింది. మూడో రోజు నా వల్ల కాలేదు. విప్పేశాను.

విప్పాక భయం పట్టుకుంది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే గ్రూపు ఒకటుందని బూట్లు ఇచ్చిన రోజే డాక్టరుగారు చీటీ మీద రాసిచ్చారు. మరునాడు పొద్దున్నే పాపను అత్తమ్మకిచ్చి కొత్తగూడెం బస్సెక్కాను. నెట్ సెంటర్ నడిపే పెద్దాయన ఆ పేజీ తెరిచిపెట్టారు. వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను: పాప ఏడుస్తోంది, బూట్లు తీసేశాను, నేను చెడ్డ తల్లినా?

లేవబోతుంటే ఆయన, "కూసో అమ్మా, గంత జల్దీ ఏంది? ఎవరో ఒకరు రాస్తరు," అన్నారు.

గంటలోపే రాశారు. ఎక్కడో కెనడాలో ఉన్న ఒక తల్లి: "నేనూ విప్పాను. మావాడూ మూడు రోజులు ఏడ్చాడు. ఇవాళే మళ్ళీ తొడుగు, లేకపోతే పాదాలు మళ్ళీ లోపలికి తిరుగుతాయి. కడ్డీ పట్టుకుని రెండు కాళ్ళూ కలిపి వంచు, చాపు, ఆటలా ఆడించు. రెండూ ఒకేసారి తన్నడం వస్తే ఏడుపు ఆగుతుంది." కింద ఇంకో ముగ్గురు "మేమూ విప్పాం" అని రాశారు. అది చదివి అక్కడే కళ్ళు తుడుచుకున్నాను.

ప్రింటు తీయించుకొచ్చి అత్తమ్మకు తెలుగులో చెప్పాను.

"గంత దూరం దేశాలల్ల గూడ గిట్ల పుడ్తరా?"

"అవ్ అత్తమ్మా."

ఆమె ప్రింటు కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "గాళ్ళందరు గూడ గ్రహణం నాడు కూరగాయలు కోసిండ్రా ఏంది?" అని, తన మాటకు తనే నవ్వేసింది.

ఆ సాయంత్రం మళ్ళీ బూట్లు తొడిగాం. కడ్డీ ఆమే పట్టుకుని ఆడించింది. రెండు రోజులకు పాప రెండు కాళ్ళతో మంచాన్ని దబదబా తన్నుతూ కేరింతలు కొట్టింది.

పాపకు పద్నాలుగో నెల వచ్చేసరికి బూట్లు నిద్రపోయేటప్పుడే తొడుగుతున్నాం. ఒకరోజు నేను రొట్టెల పిండి కలుపుతుంటే అత్తమ్మ వాకిట్లోంచి కేకేసింది. "జల్దీ రా, పిల్ల నడుస్తాంది!"

పిండి చేతులతోనే పరుగెత్తాను. నాలుగడుగులు, మడమలు రెండూ నేలకు ఆనించి. ఐదో అడుగుకు కూలబడింది. నేనూ పక్కనే కూలబడ్డాను.