ఎల్లమ్మకు మొదటి చుక్క

ఈ మధ్యాహ్నం మాదాపూర్‌లోని మా బార్‌కి కొత్త సీసా వచ్చింది. కరీబియన్ దీవుల్లో ఇరవై ఏళ్లకు పైగా పీపాలో మాగి, చుక్క నీరైనా కలపకుండా సీసాకెక్కిన రమ్ము. మూత తీయగానే మిగలపండిన అరటిపండు, కాస్త మాడిన బెల్లప్పాకం, పాత చెక్కపెట్టె కలిసిన వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసన తగిలితే నాకు భాగ్యక్క గుర్తురాకుండా ఉండదు. తాగడం ఎవరైనా నేర్పుతారు. నాకు రుచి చూడడం నేర్పింది ఆమె.

అప్పట్లో ఆమె ఇక్కడ మేనేజర్. నల్గొండ వైపు కల్లుగీసే ఇంట్లో పుట్టింది. నేనేమో ప్రొద్దుటూరు పిల్లను. టీవీలో ఎవరైనా గ్లాసు పట్టుకుంటే మా అమ్మ చానెల్ మార్చేసేది. అలాంటిదాన్ని హోటల్ చదువు చదివి, ఆమె కింద ట్రైనీగా చేరాను. మొదటి రోజే ఇలాంటి రమ్ము చేతికిస్తే, బిర్యానీ హండీ మూత తీసినప్పటిలా గుండెల నిండా పీల్చాను. ముక్కు భగ్గుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క పగలబడి నవ్వింది.

“ఏందే గట్ల పీలుస్తవ్? జర ఆగు. అదేమన్న ఉరికిపోతదా?”

వేలు గ్లాసులో ముంచి నాలుగు చుక్కలు నేలమీద చిలకరించింది. కల్లు నోట పెట్టే ముందు వాళ్ల నాయన ఎల్లమ్మ తల్లికి అలాగే సాక పోసేవాడట.

“విదేశీ రమ్ము ఎల్లమ్మకు సరిపడుతుందా అక్కా?” అన్నాను.

“ఎల్లమ్మకు వీసా కావాల్నా ఏంది?” అంటూ తడివేలిని చేతి వెనక రుద్దుకుంది. ఘాటు ఎగిరిపోయేదాకా ఆగి, ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. అప్పుడు తగిలింది బెల్లం, దాని వెనకే చెక్క. “జర ఓపిక పట్టినవనుకో, దాని గుట్టు అదే చెప్తది.”

నా ట్రైనింగ్ ముగిసేసరికి, బార్‌కి సీసాలు ఎంపిక చేసే ఉద్యోగం ఖాళీ అయింది. నాకు కావలసింది అదే. “ఆ పిల్లకేం తెలుస్తుందండీ, నిన్నగాక మొన్న వచ్చింది,” అని యజమాని పెదవి విరిచారు. “పరీక్ష పెట్టుండ్రి,” అంది భాగ్యక్క. పేర్లు చెప్పకుండా రెండు గ్లాసుల్లో రెండు పాత రమ్ములు పెట్టారు. ఒకటే కొంటారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా రెండోదానికే ఓటేశారు. తియ్యగా, మెత్తగా ఉంది మరి, ఎవరు కాదంటారు?

నేను చుక్కలు చిలకరిస్తుంటే ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్కో రమ్మును ఒక్కో చేతి వెనక రుద్దుకుని ఆగాను. కుడిచేతి మీది మొదటిది శుభ్రంగా ఆరిపోయి వాసన మాత్రం మిగిల్చింది. ఎడమచెయ్యి జిగటగా ఉండిపోయింది.

“రెండోది వద్దు సార్. ఈ తీపి పీపాలో వచ్చింది కాదు, దీంట్లో చక్కెర కలిపినారు.”

“అందరికీ నచ్చిందమ్మా!”

భాగ్యక్క వైపు చూశాను. చేతులు కట్టుకుని గోడవైపు చూస్తోంది, మహాతల్లి. “మీరే రుద్దుకుని చూడండి సార్,” అన్నాను.

ఆయన రుద్దుకున్నారు. వేలు అంటుకుపోయింది. సరుకు తెచ్చిన మనిషి దగ్గి, “కొంచెం కలుపుతారు సార్...” అన్నాడు. బల్లెక్కి గంతులెయ్యాలనిపించింది నాకు!

ఉద్యోగం అక్కడికక్కడే నాదయింది. అందరూ వెళ్లాక అక్క, రుచి చూసే బల్ల దగ్గరి తన కుర్చీని నా వైపు తోసింది. భయంభయంగా అంచున కూర్చున్నాను.

“గట్ల కాదు. మంచిగ ఆనుకొని కూసో. ఇగ అది నీదే.”

వీపు ఆనించి కూర్చున్నాను. ఈ ఊళ్లో ఏ బల్ల దగ్గరైనా ఇప్పటికీ అలాగే కూర్చుంటాను.