ఖాళీ చీటీల వారం

మొన్న మా తమ్ముని కూతురు వనపర్తిలో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి ఒక నవల తీసి నా ముందు పెట్టింది. ఈ సెమిస్టరులో అది పాఠ్యమట. ప్రభుత్వం ప్రతి మనిషినీ పొద్దస్తమానం కనిపెట్టి ఉండే దేశం కథ. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళం అందరం ఏదో ఒక ఏడు మోసిన పుస్తకమే. "పెద్దనాయనా, నువ్వు మస్తు ఏండ్లు చెప్పినవట గద, జర నాకు సమజయ్యేటట్టు చెప్పు" అంది. చెప్తాననలేదు, చెప్పననలేదు. చాయ్ తాగమని, బజారులో దొరికే గైడు కొనుక్కోమని సలహా ఇచ్చాను. జీవితమంతా గైడులను తిట్టిన మనిషి నోట ఆ మాట విని, వాళ్ళ పెద్దమ్మను పక్కకు పిలిచి, నేను బీపీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నానా అని అడిగింది.

ఆ నవల నేను ఆఖరిసారి చెప్పింది రిటైరయ్యే ముందు, నాగర్‌కర్నూల్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో. వనపర్తి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. క్లాసులో ముప్పై మందికి అటూ ఇటుగా ఉండేవాళ్ళు. ఒకే పేరు గల పిల్లలు నలుగురైదుగురు ఉండటంతో అందరినీ ఊరి పేర్లతో పిలిచేవాణ్ణి. మూడో బెంచీలో తెలకపల్లి పిల్ల, తిమ్మాజిపేట పిల్ల ఎప్పుడూ పక్కపక్కనే కూచునేవాళ్ళు. తెలకపల్లి పిల్ల వాళ్ళ నాయన ముంబైలో బిల్డింగు పనికి పోయాడు. ఆ ఏడు వాళ్ళమ్మ చెయ్యి విరిగింది. పత్తి ఏరే రోజుల్లో తల్లి బదులు ఈ పిల్ల కూలికి పోయేది. ఆ రోజుల్లో హాజరు పిలిస్తే తిమ్మాజిపేట పిల్ల తల వంచుకుని, గొంతు మార్చి, తన నంబరుకూ పలికేది, పక్క నంబరుకూ పలికేది. నాకు తెలుసు. తెలియనట్టు టిక్కు పెట్టేవాణ్ణి. పత్తి ఏరిన చేతులు చూస్తే ఎవరైనా అదే చేస్తారు.

పాఠం మాత్రం వాళ్ళకు ఎక్కలేదు. సర్కారు ప్రతి మనిషి మీదా కన్నేసి ఉంటుందంటే కొత్తకోట పిల్లవాడు లేచి, "సార్, మా అవ్వ పింఛన్ కాయిదం ఆఫీసుల ఏడున్నదో వాళ్ళకే తెల్వదు. గిన్ని ఇండ్లు ఏడ చూస్తరు?" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు, నేను కూడా. నిజానికి మా కాలేజీ వరండాలో ఉన్న ఒక్క కెమెరా వైరు తెగి ఏడాదిగా నేలను చూస్తూ ఉండేది. నవ్వొచ్చింది గానీ, పిల్లలకు పాఠం అర్థం కాలేదంటే మాస్టరుకు కాస్త అవమానంగానే ఉంటుంది. ఆ అవమానంలోంచే నాకా తెలివి పుట్టింది.

మన బడుల్లో చదివిన వాళ్ళందరికీ తెలిసిందే. సారు బయటికి పోతే క్లాస్ లీడరు చాక్‌పీసు పట్టుకుని, మాట్లాడిన వాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తాడు. మళ్ళీ నోరు తెరిస్తే పేరు పక్కన ఒక ఇంటూ గుర్తు. లీడరుకు జామకాయ పెట్టి పేరు తుడిపించుకోని వాళ్ళెవరు? ఆ ఆటనే కొంచెం మార్చాను. అందరికీ తలా ఒక మడత చీటీ పంచాను. ఒక్క చీటీలో గుర్తు ఉందని, అది వచ్చినవాళ్ళే ఈ వారమంతా చూసేవాళ్ళని, చూసింది ఏదైనా రోజూ రాసి, పేరు పెట్టకుండా, బల్ల మీది చాక్‌పీసు డబ్బాలో వేయాలని చెప్పాను. గుర్తు వచ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. అసలు సంగతి, అన్ని చీటీలూ ఖాళీవే. వారం చివర డబ్బా తెరిచి, లోపల ఏమీ లేదని చూపించి, మిమ్మల్ని చూసినవాడే లేడు, మీకు మీరే భయపడ్డారు అని చెప్పాలని నా నాటకం. బస్సులో ఆ మాట నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకున్నాను కూడా.

మొదటి రోజు ముసిముసి నవ్వులు. రెండో రోజుకు క్లాసు చప్పబడింది. టిఫిన్ డబ్బాల్లో చెయ్యి పెట్టి పచ్చడి ఎత్తుకుపోవడం ఆగింది. కొత్తకోట పిల్లవాడు జోకులు మానేశాడు. మూడో బెంచీలో ఆ ఇద్దరి మధ్య జానెడు ఖాళీ వచ్చింది. నేనేమో మురిసిపోయాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత నిశ్శబ్దంగా పాఠం ఎప్పుడూ చెప్పలేదని స్టాఫ్ రూములో గొప్పలు పోయాను. ఆ నిశ్శబ్దాన్ని చూసి భయపడాల్సింది నేనే. నాకు ఆ బుద్ధి లేకపోయింది.

బుధవారం పొద్దున నాకు గద్వాలలో పరీక్షల డ్యూటీ పడింది. మూడు రోజులు అక్కడే. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. ఖాళీ డబ్బాకు కాపలా ఎందుకనుకున్నాను. శనివారం తిరిగి వచ్చేసరికి ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ కబురు పెట్టారు. క్లాస్ లీడరు తన బాధ్యతగా డబ్బా తీసుకుపోయి ఆయన చేతికిచ్చాడట. ఆయన బల్ల మీద చీటీలు చక్కగా విప్పి, పేపర్‌వెయిట్ కింద పెట్టి ఉన్నాయి. పదిహేడు. ఎవరినీ రాయమనని చోట పదిహేడు చీటీలు. ఒకడు వెనక బెంచీలో ఫోను చూశాడట. ఒకమ్మాయి నన్ను వెక్కిరించిందట. ఒక చీటీలో మాత్రం తెలకపల్లి పిల్ల ఏయే తారీఖుల్లో పత్తికి పోయిందో వరుసగా ఉంది. ఎవరు బదులు పలికారో లేదు.

ఆ గుండ్రటి రాత నాకు తెలుసు. రెండేళ్ళుగా దిద్దుతున్నాను. తిమ్మాజిపేట పిల్లది.

ఇదంతా ఆట సార్, పాఠం కోసం నేను పెట్టింది అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, రూలు మనిషి. "ఆటనే కానీ సార్. ఈ చీటీల్ల రాసింది అబద్ధమా, చెప్పుండ్రి" అన్నారు. రిజిస్టరు నాది, టిక్కులు నావి. అవి తెలిసే పెట్టానని ఒక్క మాటంటే నా మీద పైకి కాయితం పోయేది, రిటైర్‌మెంటు ముందు. భయపడ్డాను. మాట్లాడకుండా బయటికి వచ్చాను. ఆ తారీఖుల్లో తెలకపల్లి పిల్ల టిక్కులు చెరిపేశారు. హాజరు చాల్లేదు, పరీక్షకు హాల్ టికెట్టు రాలేదు.

సోమవారం తెలకపల్లి పిల్ల స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. వేళ్ళ నిండా పత్తికాయ గీరిన గాట్లు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "రాసినోళ్ళు ఎవరని నేను అడుగ సార్. నాకు పలికిన పిల్ల పేరు మాత్రం బయటికి రానియ్యకుండ్రి. ఆమె నాకోసమే పలికింది" అంది. నేను సరేనన్నాను. వచ్చే ఏడు రాయొచ్చమ్మా అన్నాను. తలూపింది. సంక్రాంతి సెలవులు కాకముందే తల్లితో కలిసి ముంబై బస్సెక్కిందని విన్నాను. వచ్చే ఏడు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు.

పరీక్షలయ్యాక తిమ్మాజిపేట పిల్ల వనపర్తిలో మా ఇంటికే వచ్చింది. కూచోమంటే కూచోలేదు. "నేనే రాసిన సార్. చూసేటోళ్ళు ఎట్లన్న మా ఇద్దరి సంగతి రాస్తరనుకున్న. ముందుగాల నేను రాస్తే నా పేరు తప్పుతదనుకున్న" అని ఆగి, "గా గుర్తున్న చీటీ ఎవరికొచ్చింది సార్? వాళ్ళు రాసిండ్రా మా సంగతి?" అని అడిగింది. వాళ్ళు కూడా రాసే ఉంటారని నా నోటి నుంచి వినాలని వచ్చింది. ఎవరూ లేరని చెప్తే ఆ పిల్ల బతుకంతా మోయాలి. చెప్పకపోతే నేను మోయాలి. ఆ నిమిషంలో అలా అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, నన్ను నేను కాపాడుకున్నానేమో కూడా. "ఎవరో ఒకరులే అమ్మా" అన్నాను.

క్లాసులో కూడా చెప్పలేదు. చీటీలన్నీ ఖాళీవంటే, ఆ పదిహేడు చీటీలు రాసినవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకోవాల్సి వచ్చేది. ఆ పిల్లలకిప్పుడు పెళ్ళిళ్ళయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి, కొందరికి పిల్లలు కూడా. వాళ్ళలో ఎవరు ఎదురుపడ్డా, మాటల మధ్యలో ఒక్కసారి చుట్టూ చూసి గొంతు తగ్గిస్తారు. ఆట అయిపోయిందని చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పలేదు. ఏళ్ళు గడిచాయి గానీ, ఆ వారం ఇంకా గడవలేదు.